అక్వేరియంలోకి కొత్త చేపలు తెచ్చే ముందు చూసుకోవాల్సినవి

వేసవి సెలవులొస్తే పిల్లలు షాపులో ఏది మెరిస్తే అదే కావాలంటారు. కవర్ కట్టించే ముందు ఇవి చూడండి.

- పెద్దయ్యాక ఎంతవుతుందో ముందు అడగండి. రెండంగుళాల ఆస్కార్ ముద్దుగానే ఉంటుంది గానీ అడుగు దాకా పెరుగుతుంది, నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతే, గప్పీలూ నియాన్ టెట్రాలూ ఒక్కొక్కటే మాయమవుతాయి. ఇక ‘షార్క్’ అని అమ్మేది నిజానికి షార్క్ కాదు, ఆంధ్రా చెరువుల్లో కూరకి పెంచే పంగాసియస్సే. కిలోల్లో పెరిగే చేపకి ఇంటి ట్యాంక్ ఎక్కడ సరిపోతుంది?

- కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచండి. తెల్లమచ్చల జబ్బు ఒక్క చేపతో వచ్చినా ట్యాంకంతా పాకుతుంది. షాపు నీళ్లు కూడా మీ ట్యాంకులో పోయొద్దు.

- మగ ఫైటర్లు రెండు వద్దు, కొట్టుకు చస్తాయి. ఫ్లవర్‌హార్న్‌కి తోడే వద్దు.

- ఏంజెల్ ఉన్నచోట టైగర్ బార్బ్ పెట్టకండి, ఆ పొడవాటి రెక్కలు కొరికేస్తుంది. షాపువాళ్లు ‘ఏం కాదు సార్’ అంటారు, వాళ్లకేం.

- గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, టెట్రాలకి 24-27 డిగ్రీలు. కలిపితే ఎవరో ఒకరికి ఇబ్బందే.

- నాచు తింటుందని సక్కర్ తెస్తున్నారా? అదీ అడుగు దాటుతుంది. పెద్దదైందని చెరువులో మాత్రం వదలకండి, అక్కడ పిల్లల్ని పెట్టి జాలర్ల వలలు చింపుతుంది.