బంపర్‌కి సొట్ట పడిందా? షెడ్డుకి వెళ్లేముందు నీళ్లు మరిగించండి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే పిల్లర్‌కి తగిలి వెనక బంపర్ మూల లోపలికి పోవడం కారున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల బంపర్ మార్చేద్దాం అంటారు, లేదంటే పుట్టీ పెట్టి మొత్తం పెయింట్ కొట్టాలంటారు. ప్లాస్టిక్ చీలకుండా, పెయింట్ పెచ్చులు లేవకుండా, ఊరికే లోపలికి నొక్కుకుపోయిన సొట్టకి ఆ రెండూ అక్కర్లేదు. మూడు నాలుగు లీటర్ల మరిగే నీళ్లు, మందపాటి రబ్బరు గ్లౌజులు, సాయానికి ఇంకో మనిషి ఉంటే ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు.

ఇది చిట్కా వైద్యం కాదు, ప్లాస్టిక్ గుణమే అంత. ఇప్పటి కార్ల బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. బంపర్ లోపలివైపు టార్చి వేసి చూడండి, చాలావాటిలో పీపీ ప్లస్ ఈపీడీఎం (పాలీప్రొపిలీన్‌తో కలిపిన ఒక రకం రబ్బరు) అని ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, పక్కన టీ20 అని ఉంటే 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం. పాలీప్రొపిలీన్ కరిగేది దాదాపు 160 డిగ్రీల దగ్గర, మరిగే నీళ్లు 100 డిగ్రీలు దాటవు, అంటే బంపర్ కరగదు గానీ వంగేంత మెత్తబడుతుంది. వేడిగాలి చిమ్మే హీట్ గన్ జోలికి వెళ్లొద్దని నేను గట్టిగా చెప్పేది కూడా ఇందుకే. చాలా హీట్ గన్లు 500 డిగ్రీల పైకి పోతాయి, ఒక్కచోట కాసేపు నిలిపితే పెయింట్ బుడగలు లేచి, ఉన్న సొట్టకి తోడు పెయింటింగ్ ఖర్చు వచ్చిపడుతుంది. నీళ్లు పోసే వీలు లేకపోతే హెయిర్ డ్రయర్ వాడండి, కాకపోతే టైమ్ ఎక్కువ పడుతుంది.

ముందు ఆ భాగాన్ని సబ్బునీళ్లతో కడగండి, ఇసుక ఉండగా చేత్తో రుద్దితే గీతలు పడతాయి. తర్వాత గోటితో సొట్ట అంచు వెంబడి నెమ్మదిగా తడిమి చూడండి. ఎక్కడైనా గోరు దిగబడిందంటే అక్కడ పగులు ఉన్నట్టే, నీళ్ల పద్ధతి దానికి పనికిరాదు, నొక్కేకొద్దీ పగులు ఇంకా తెరుచుకుంటుంది. అలాంటిదానికి అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లడమే మంచిది. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు పాలీప్రొపిలీన్‌ని సరిగ్గా పట్టుకోవు, ప్రయత్నించి మరకలు చేసుకోవద్దు. పార్కింగ్ సెన్సర్ సొట్టలోనే ఉంటే దాని కనెక్టర్ ఊడదీసి సెన్సర్‌ని బయటికి తీసేశాకే పని మొదలుపెట్టండి.

లోపలికి చెయ్యి వెళ్లే దారి వెతకడంలోనే సగం పని ఉంది. చాలా చిన్న కార్లలో బంపర్ కింద నుంచే చెయ్యి దూరుతుంది. దూరకపోతే వెనక చక్రం దగ్గరున్న ప్లాస్టిక్ లైనర్ స్క్రూలు, క్లిప్పులు తీసి పక్కకి వంచండి. క్లిప్పుని ఒక్కసారిగా లాగితే విరుగుతుంది, ముందు మధ్యలో ఉన్న పిన్నుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి తర్వాత మొత్తం తీయాలి. కారు అప్పుడే నడిపి ఉంటే సైలెన్సర్ చల్లారేదాకా చెయ్యి పెట్టొద్దు.

ఇప్పుడు నీళ్లు. సొట్టని అలా పట్టి ఉంచేది మధ్యభాగం కాదు, చుట్టూ ఉన్న అంచు. అందుకని వేడి అంచుకి ఎక్కువ తగలాలి, చెంబుతో లేదా కెటిల్‌తో పైనుంచి సన్నగా ధారగా, అంచు పొడవునా అటూ ఇటూ తిప్పుతూ పోయండి. పోసేవాళ్లు ఆపానని చెప్పాకే రెండోవాళ్లు లోపలికి చెయ్యి పెట్టాలి, ఎందుకంటే నీళ్లు సందుల్లోంచి లోపలికి కారి గ్లౌజులోకి దిగితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వొద్దు. ఆపగానే, చల్లారకముందే, అరచేత్తో అంచు నుంచి మధ్యకి జరుపుతూ బయటికి నెట్టండి. వేళ్లతో ఒకేచోట పొడిస్తే అక్కడ బుడిపె తేలుతుంది. పెద్ద సొట్ట అయితే టప్‌మని ఒక్కసారే బయటికి వస్తుంది. రాకపోతే బలం పెంచకండి, మళ్లీ నీళ్లు పోయండి, చల్లటి ప్లాస్టిక్‌ని బలవంతంగా వంచితేనే పెయింట్ పగిలేది. ఆకారం రాగానే చెయ్యి తీయకుండా పైన చన్నీళ్లు పోయించండి, లేదంటే వేడి మీద మళ్లీ కొద్దిగా లోపలికి జారుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో కాసేపు నిలబెట్టిన కారైతే ఈ పనంతా ఇంకా తేలిక.

మడత పడిన చోట సన్నటి గీత మిగలొచ్చు, పెయింట్ వేయని నల్లటి ప్లాస్టిక్ మీద అది తెల్లగా కనిపిస్తుంది. పూర్తిగా పోగొట్టాలని మళ్లీ మళ్లీ వేడి చేయడం నా దృష్టిలో అనవసరం. పెయింట్ కాస్త లేచినా హడావుడి పడక్కర్లేదు, డోర్ రేకు పట్టినట్టు ఈ ప్లాస్టిక్ తుప్పు పట్టదు, తీరిగ్గా టచప్ వేసుకోవచ్చు.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారేమో, జీరో డెప్ (తరుగు కోయకుండా అదనంగా తీసుకునే కవర్) లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల విలువలో 50 శాతం తరుగు కింద కోసేస్తారు, 1500 సీసీ లోపు కారుకి ఇంకో 1000 రూపాయలు మన జేబులోంచే పోతాయి, పైగా క్లెయిమ్ లేకుండా అయిదేళ్లు నడిపితే 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. ఇంత చిన్న సొట్టకి అది వదులుకోవడం నష్టమే. గట్టి దెబ్బ తగిలి, బంపర్ వెనకున్న ఇనప కమ్మీ వంగినా, డిక్కీ సరిగ్గా మూసుకోకపోయినా మాత్రం నీళ్లు పక్కనపెట్టి, ఏదీ కదిలించకుండా ఫొటోలు తీసుకుని క్లెయిమ్‌కే వెళ్లండి.

అన్నీ బిగించాక రెండువైపులా బంపర్‌కీ బాడీకీ మధ్య సందు ఒకేలా ఉందో లేదో చూడండి. ఒకవైపు వెడల్పుగా ఉంటే లోపలి క్లిప్పు కూర్చోలేదన్నమాట, అరచేత్తో క్లిక్‌మనేదాకా నొక్కండి. విరిగిన క్లిప్పులుంటే స్పేర్ పార్ట్స్ షాపులో విడిగా దొరుకుతాయి, పాతది ఒకటి చూపించి అదే సైజు తెచ్చుకోండి.