నడుం నొప్పి తగ్గాక పిలాటిస్: చాప మీద ఎక్కడ తేడా కొడుతోంది?

పిలాటిస్ అంటే పొట్ట, నడుం కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు. అవి చేస్తుంటే నొప్పి రాగానే పొట్టలో బలం లేదనుకుని, చేసే లెక్క పెంచేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు చేయాల్సింది దానికి రివర్సు: కాలు మడవాలి, తల దించాలి.

సమస్య: వెల్లకిలా పడుకుని, ఎత్తిన కాళ్లు దించుతుంటే నడుం చాప మీంచి లేస్తోంది.
కారణం: కాళ్లు చాచేకొద్దీ నడుము మోయాల్సిన భారం పెరుగుతుంది. పొట్ట ఆపలేకపోతే, వెన్నుపూసల నుంచి తొడ ఎముక దాకా ఉండే సోయాస్ కండరం నడుమును ముందుకు లాగేస్తుంది.
పరిష్కారం: రెండు మోకాళ్లూ 90 డిగ్రీలు మడిచి పైకెత్తండి. నడుం కింద చెయ్యి పెట్టుకోండి. ఊపిరి వదులుతూ ఒక్క కాలే దించి, కాలివేళ్లు చాపకు తాకించి వెనక్కి తీసుకురండి. చేతి మీద ఒత్తిడి తగ్గిందంటే నడుం లేచినట్టే. అంతకు ముందే ఆగాలి, కాలు చాపదాకా రాకపోయినా సరే. ఒక్కో కాలికి 6 నుంచి 8 సార్లు, రెండు విడతలు. నడుమును బలవంతంగా నేలకు అదమక్కర్లేదు.

సమస్య: హండ్రెడ్‌లో (వెల్లకిలా పడుకుని, తల ఎత్తి చేతులు పైకీ కిందకీ ఆడించే వ్యాయామం) మెడ పట్టేస్తోంది.
కారణం: 5 లెక్కలు ఊపిరి పీల్చి, 5 లెక్కలు వదులుతూ, 10 విడతలు తల ఎత్తే ఉంచాలి. వీపు పైభాగం లేవకపోతే ఆ బరువంతా మెడదే.
పరిష్కారం: తల కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి, చేతులు మాత్రం ఆడించండి. పని పొట్టది, మెడది కాదు. తర్వాత తల ఎత్తినప్పుడు గడ్డానికీ ఛాతీకీ మధ్య బత్తాయి పట్టేంత చోటుండాలి.

సమస్య: బ్రిడ్జ్‌లో (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం) తొడ వెనక కండరం పట్టేస్తోంది.
పరిష్కారం: మడమలు దూరంగా ఉన్నాయి. పిరుదులకు సుమారు జానెడు దగ్గరికి జరిపి, పిరుదులు బిగించి లేవండి.

సమస్య: కాలు గుండ్రంగా తిప్పుతుంటే తుంటిలో టక్కుమంటోంది.
నొప్పి లేకపోతే సాధారణంగా భయం లేదు. కాలు తిప్పే వలయం చిన్నది చేయండి.

సమస్య: నొప్పి పిరుదు దాటి పిక్కలోకి దిగుతోంది.
కారణం: ముందుకు వంగినప్పుడు డిస్కు మీద ఒత్తిడి పెరిగి నరం రేగుతుండవచ్చు.
పరిష్కారం: రోల్ అప్ (పడుకున్నచోటి నుంచి వెన్ను వంచుతూ లేచి కూర్చోవడం), బంతిలా దొర్లడం ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. నొప్పి పిక్కను వదిలి నడుములోకి వస్తుంటే అది మంచి గుర్తే, నడుములో కాస్త ఎక్కువనిపించినా. ఎముకలు గుల్లబారినవాళ్లకూ ఈ రెండూ వద్దు, వెన్నుపూస నలిగిపోవచ్చు.

మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం ఎత్తలేకపోయినా చాప చుట్టేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.