పిల్లల ఫోన్‌లో బ్రౌజింగ్‌ మీద ఓ కన్నేసి ఉంచడం ఎలా?

మాది తిరుపతి బైరాగిపట్టెడ. మా అబ్బాయి ఆరో తరగతి. మొన్న స్కూల్లో తిరుమల శిలాతోరణం మీద ప్రాజెక్టు ఇచ్చారు. వాడు ఫోన్లో ఫొటోలు వెతుకుతుంటే నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి ఫోన్ మంచం మీద బోర్లా పెట్టేశాడు. తీసి చూస్తే, 'డౌన్‌లోడ్' అని ఉన్నచోట నొక్కగానే బెట్టింగ్ ఆట ప్రకటన వచ్చింది, దాని కిందే చూడకూడని బొమ్మ. "నేనేం చెయ్యలేదమ్మా, అదే వచ్చేసింది" అన్నాడు. గొంతు వణుకుతోంది. వాడు చెప్పింది నిజమే. నాకు టెన్షన్ పుట్టించింది ఆ బొమ్మ కన్నా, వాడు ఫోన్ బోర్లా పెట్టిన తీరు.

అందుకే సెట్టింగ్స్ ముట్టుకునే ముందు పిల్లలతో మాట్లాడండి. "అట్లాంటివి వస్తే నాకు చూపించు నాయనా, తిట్టను, ఫోన్ లాక్కోను" అని చెప్పండి. చెప్పాక మాట మీద నిలబడండి. ఒక్కసారి లాక్కున్నారంటే రెండోసారి చూపించరు. ఫోన్లో ఏమేం పెడుతున్నారో కూడా వాళ్ల ముందే పెట్టండి. తెలియకుండా నిఘా యాప్‌లు పెట్టడం నాకు నచ్చదు. అది బయటపడిన రోజు పిల్లలకు మన మీద నమ్మకం పోతుంది.

తర్వాత చూడాల్సింది అకౌంట్. చాలా ఇళ్లలో నాన్న పాత ఫోన్ పిల్లలకు వస్తుంది, నాన్న జీమెయిల్ అందులోనే ఉండిపోతుంది. అప్పుడు గూగుల్ లెక్కలో ఆ ఫోన్ వాడేది పెద్దవాళ్లే. ఫొటోలు వేరేచోట దాచుకుని, ఫోన్ రీసెట్ చేసి, పిల్లల పేరుతో అసలు పుట్టినతేదీ ఇచ్చి కొత్త అకౌంట్ తెరవండి. 13 ఏళ్లు నిండని పిల్లలకైతే మన అకౌంట్ ద్వారానే తెరవాలి. పిల్లల ఫోన్‌ని మన ఫోన్ నుంచే అదుపులో పెట్టుకునే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌ని మన ఫోన్లో వేసుకోండి. డబ్బులేం కట్టక్కర్లేదు.

అందులో పిల్లల పేరు నొక్కి, కంట్రోల్స్‌లో క్రోమ్ సెట్టింగ్స్‌కి వెళ్తే మూడు దారులుంటాయి: అన్ని సైట్లూ తెరుచుకోవడం, అసభ్యమైనవాటిని ఆపే ప్రయత్నం చేయడం, మనం ఒప్పుకున్నవి మాత్రమే తెరుచుకోవడం. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు మూడోదే మేలు. ప్రాజెక్టులు చేసుకునే వయసుకి అది నడవదు, ప్రతి సైటుకీ మనల్ని అడగాల్సి వస్తుంది, అందుకని మా వాడికి రెండోది పెట్టాను. అయితే అది చేసేది ప్రయత్నమే. కొన్ని జారిపోతాయి.

ఎక్కువమంది మర్చిపోయేది ఇక్కడే. ఈ వడపోత క్రోమ్‌కి మాత్రమే. ఫోన్ కంపెనీ ముందే వేసి ఇచ్చిన ఇంకో బ్రౌజర్ ఉంటే దానికి ఇది వర్తించదు. మా వాడి ఫోన్లో అట్లాంటివి రెండున్నాయి. ఫ్యామిలీ లింక్‌లో యాప్‌ల జాబితా తెరిచి, క్రోమ్ కాక ఏ బ్రౌజర్ కనిపించినా బ్లాక్ చేయండి.

ఇంకోటి. కొన్ని సైట్లు తెరవగానే నోటిఫికేషన్లు పంపమంటారా అని అడుగుతాయి. పిల్లలు చదవకుండా 'అలో' నొక్కేస్తారు. ఆ తర్వాత బ్రౌజర్ మూసేసినా బెట్టింగ్ ప్రకటనలు వస్తూనే ఉంటాయి. పిల్లల ఫోన్లో క్రోమ్ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆపేయండి. మా ఇంట్లో సగం గొడవ దీంతోనే తీరింది.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి, కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్‌లో పెద్దల సైట్లకు అడ్డుకట్ట వేయొచ్చు. ఆ పాస్‌కోడ్ పిల్లలకు తెలియకూడదు.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక మేమిద్దరం కూర్చుని ఆ వారం హిస్టరీ చూస్తాం. పది నిమిషాలు పడుతుంది. "ఇదేంది, ఎందుకు తెరిచావు?" అని మామూలుగా అడుగుతాను. చాలాసార్లు క్రికెట్ స్కోర్లే.

ఎవరైనా పిల్లల ఫొటోలు అడిగినా, బెదిరించినా మెసేజ్‌లు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. పిల్లల సాయానికి 1098 ఉంది. ఆ పూట పిల్లల్ని కోప్పడొద్దు, వాళ్లు అప్పటికే భయపడి ఉంటారు.

ఇదంతా అయ్యాక మా వాడు సెలవులకు చంద్రగిరిలో వాళ్ల అవ్వ దగ్గరికి వెళ్లాడు. అవ్వ ఫోన్‌కి లాక్ కూడా లేదు. నేను వెళ్లి లాక్ పెట్టి, వెతికినప్పుడు అసభ్యమైనవి రాకుండా చూసే గూగుల్ సేఫ్‌సెర్చ్‌లో 'ఫిల్టర్' ఎంచి, ప్లే స్టోర్ పేరెంటల్ కంట్రోల్స్‌కి పిన్ పెట్టాను. ఆ పిన్ నాకూ, అవ్వకూ మాత్రమే తెలుసు.