అకౌంటింగ్ సిద్ధాంత నిర్మాణం – మూడవ పాఠం: ప్రాతిపదిక మారితే లాభం మారుతుంది

గత పాఠంలో ఆగమన పద్ధతిని అభ్యాసం చేశాం. అకౌంటెంట్లు నిజంగా పాటిస్తున్న పద్ధతులను గమనించి, వాటిలోని సామ్యాలను గుర్తించి, ఆ సామ్యాలకు కారణమైన సూత్రాన్ని రాబట్టడం దాని సారం. ఎ.సి. లిటిల్టన్ 1953లో వెలువరించిన సిద్ధాంతం ఆ దారిలోనే సాగింది. అలా పుట్టిన సూత్రం ఆచరణను చక్కగా వివరిస్తుంది గానీ, ఆచరణలోనే లోపం ఉన్నప్పుడు దాన్ని సరిదిద్దడానికి ఆధారం ఇవ్వలేదు. ఆ ఆధారం కోసమే నిగమన పద్ధతిని ఆశ్రయిస్తాం.

నిగమనంలో ముందుగా ఆర్థిక నివేదికల ప్రయోజనమేమిటో నిర్ణయించుకుని, వ్యాపార పరిసరాల గురించి కొన్ని ప్రాతిపదికలను, అంటే రుజువు అడగకుండా ముందుగా ఒప్పుకునే భావనలను, స్వీకరించి, వాటి నుంచి తర్కబద్ధంగా నియమాలను రాబడతాం. అమెరికాలో మౌరిస్ మూనిట్జ్ 1961లో మూల ప్రాతిపదికలను, 1962లో రాబర్ట్ స్ప్రౌస్‌తో కలిసి వాటిపై ఆధారపడిన సూత్రాలను ప్రతిపాదించినప్పుడు, నాటి అకౌంటింగ్ సూత్రాల బోర్డు అవి అమలులో ఉన్న పద్ధతులకు మరీ దూరంగా ఉన్నాయని చెప్పి పక్కన పెట్టింది. ఆ కారణాన్ని జాగ్రత్తగా గమనించండి: నిగమనంతో వచ్చిన ఫలితాన్ని బోర్డు ఆచరణ అనే కొలబద్దతో కొలిచింది. తర్కంలో దోషం చూపకుండా ఫలితాన్ని తోసిపుచ్చడం సిద్ధాంత విమర్శ అనిపించుకోదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక రైసుమిల్లు యజమాని ఐదేళ్ల కిందట 20 లక్షల రూపాయలకు యంత్రం కొన్నాడు. దాని ఆయుష్షు పదేళ్లు, చివరికి తుక్కు విలువ ఏమీ ఉండదు, తరుగుదల ఏటా సమానంగా రాస్తున్నారు. అయిదో ఏడాదిలో తరుగుదలకు ముందు లాభం 6 లక్షలు. అలాంటి కొత్త యంత్రం ధర ఆ ఏడాదంతా 30 లక్షలే ఉంది. పాత యంత్రాన్ని అమ్మితే ఏడాది మొదట్లో 9.5 లక్షలు వచ్చేవి, చివర్లో 8 లక్షలే వస్తాయి. ధరల సాధారణ స్థాయి మారలేదనుకుందాం.

కొన్న ధరనే ఆధారం చేసుకుంటే తరుగుదల 2 లక్షలు, లాభం 4 లక్షలు, ఆస్తి అప్పుల పట్టీలో యంత్రం విలువ 10 లక్షలు. ఎడ్గర్ ఎడ్వర్డ్స్, ఫిలిప్ బెల్ 1961లో ప్రతిపాదించినట్లు అలాంటి యంత్రాన్నే ఇప్పుడు కొత్తగా కొనే ధరను తీసుకుంటే తరుగుదల 3 లక్షలు, నిర్వహణ లాభం 3 లక్షలు, యంత్రం విలువ 15 లక్షలు. ధర పెరగడం వల్ల కలిగిన ప్రయోజనాన్ని వాళ్లు ఈ లాభంలో కలపకుండా విడిగా చూపుతారు. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన రేమండ్ ఛాంబర్స్ 1966లో వాదించినట్లు అమ్మితే వచ్చే ధరను తీసుకుంటే తరిగింది 1.5 లక్షలు, లాభం 4.5 లక్షలు, యంత్రం విలువ 8 లక్షలు.

మిల్లు ఒకటే, ఏడాది ఒకటే, అయినా లాభాలు మూడు. చివరి రెండు సిద్ధాంతాలూ నిగమనంతో కట్టినవే, రెండింటిలోనూ తర్కం సరైనదే. తేడా అంతా ప్రాతిపదికలోనే ఉంది. మారే పరిస్థితులకు సర్దుకోవాలంటే తన చేతిలోని ఆస్తులకు ఇప్పుడు ఎంత ధర పలుకుతుందో సంస్థ తెలుసుకోవాలన్నది ఛాంబర్స్ ప్రాతిపదిక. సంస్థ ఇదే వ్యాపారంలో కొనసాగుతుందనీ, నిర్వాహకులు తీసుకున్న నిర్ణయాల ఫలితాన్ని విడదీసి కొలవాలనీ ఎడ్వర్డ్స్, బెల్ భావించారు. కాబట్టి నిగమన సిద్ధాంతాన్ని చదివేటప్పుడు చేయవలసిన పని ఇది: ఒక్కొక్క ప్రాతిపదికను తలకిందులు చేసి, దేన్ని మారిస్తే ఫలితం కూలుతుందో వెతకాలి. ఉదాహరణకు, మరెవరూ కొనని ప్రత్యేక యంత్రానికి ఛాంబర్స్ పద్ధతిలో విలువ దాదాపు సున్నా అవుతుంది. దాన్ని అసంబద్ధమని కొట్టిపారేసే ముందు, ఆయన ప్రాతిపదికకు అది నిజాయితీగా కట్టుబడిన ఫలితమేనని గుర్తించాలి. అభ్యంతరం ఉంటే దాన్ని ప్రాతిపదిక మీదే చెప్పాలి.

ఏ విలువ చూపాలన్న ప్రశ్నను వదిలి, ఎవరు ఏ విలువను కోరుకుంటారు, ఎందుకు కోరుకుంటారు అని అడిగితే మరో పరిశోధన మార్గం తెరుచుకుంటుంది. రాస్ వాట్స్, జెరాల్డ్ జిమ్మర్‌మన్ 1978లో చేసింది అదే. ధరల స్థాయికి అనుగుణంగా లెక్కలు సవరించాలన్న ప్రతిపాదనపై అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల బోర్డుకు కంపెనీలు పంపిన అభిప్రాయాలను వాళ్లు పరిశీలించారు. ప్రభుత్వ నియంత్రణకు, ప్రజల విమర్శకు ఎక్కువగా గురయ్యే పెద్ద కంపెనీలు తమ లాభాన్ని తగ్గించి చూపే నియమాన్ని సమర్థిస్తాయన్నది వాళ్ల పరికల్పన. ఇక్కడ సాక్ష్యం తర్కం నుంచి కాక కంపెనీల ప్రవర్తన నుంచి వస్తుంది. దీన్ని అయిదవ పాఠంలో విడిగా చూద్దాం.

అభ్యాసం: భారత అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 16 భవనాలు, యంత్రాల వంటి స్థిరాస్తులను కొన్న ధర ఆధారంగానో, పునర్మూల్యాంకన ఆధారంగానో చూపే ఎంపికను కంపెనీకి ఇస్తుంది. ఈ ఎంపిక మీద ఆగమన, నిగమన, ప్రవర్తనా పరిశీలన మార్గాలలో ఒక్కొక్క పరిశోధన ప్రశ్న రాయండి. ప్రతి ప్రశ్న కింద దానికి ఏ సాక్ష్యం సరిపోతుందో రాసి, నిగమన ప్రశ్నకు మాత్రం మీరు స్వీకరించిన ప్రాతిపదికలన్నింటినీ వరుసగా పేర్కొనండి. రెండు ప్రశ్నలకు ఒకే సాక్ష్యం సరిపోతున్నట్లు తోస్తే, వాటిలో ఒకదాన్ని తిరిగి రాయండి.