ఆధారాలతో చరిత్ర చదవడం – 4వ పాఠం: ఇద్దరు బాటోలు

పోయిన పాఠంలో రోమ్‌పై ఇల్లిరియన్ల (బాల్కన్ ప్రాంతపు తెగల) మహా తిరుగుబాటుకు కాలక్రమ పట్టిక వేయమన్నాను. చాలామంది పట్టికల్లో తిరుగుబాటు నాయకుడు బాటో క్రీ.శ. 8లో హతమై, 9లో రోమ్‌కు లొంగిపోయాడు! ఇది సరిచేయకుండా ముందుకెళ్తే తర్వాతవన్నీ తప్పుతాయి. అందుకే నాణేల పాఠాన్ని వాయిదా వేశాను.

అంతకుముందు ఇల్లిరియన్ పాలకులతో రోమ్ పోరాటాలు – ట్యూటా రాణితో యుద్ధం (క్రీ.పూ. 229), ఫారోస్ డెమెట్రియస్‌తో యుద్ధం (219), స్కోద్రాలో గెంటియస్ రాజు పట్టుబడటం (168) మీకు వచ్చేశాయి. మళ్లీ చెప్పను.

బాటోలు ఇద్దరు. ఒకడిది డేసిటియాటే తెగ, ఇప్పటి బోస్నియా నడిమి కొండలవాళ్లు. రెండోవాడిది సావా నదీ ప్రాంతపు బ్రెయుకీ తెగ. క్రీ.శ. 6లో మార్కొమన్నీలపై (ఒక జర్మానిక్ తెగ) యుద్ధం కోసం రోమన్ సేనాని టిబేరియస్ ఇల్లిరియన్ యువకులను సైన్యంలోకి పిలిపించాడు. అంతా ఒకచోట చేరాక వాళ్లకు తమ బలమెంతో తెలిసింది. రోమ్ పన్నుల మీద కోపం ముందే ఉంది. రెండు తెగలూ తిరగబడ్డాయి. క్రీ.శ. 8లో బ్రెయుకీ బాటో తోటి నాయకుడు పిన్నెస్‌ను రోమన్లకు అప్పగించి, తన తెగపై పెత్తనం సంపాదించాడు. డేసిటియాటే బాటో అతణ్ణి ఓడించి చంపించాడు. మరుసటి ఏడాది తానూ లొంగిపోయాడు. ఇద్దరినీ ఒకరిగా కలిపేస్తే ద్రోహం చేసినవాడూ, దానికి శిక్ష వేసినవాడూ ఒక్కడే అయిపోతాడు. తిరుగుబాటు లోపలి నుంచి ఎలా చీలిందో కనబడకుండా పోతుంది.

నోట్సులో నేను పేరుకు ముందు తెగ రాస్తాను: బ్రె. బాటో, డే. బాటో. రంగు పెన్నులు నాకు నచ్చవు, జిరాక్స్ తీస్తే రంగులు పోతాయి.

తెగ పేరు లేకుండా ఉత్త 'బాటో' అని కనిపిస్తే ఏడాది చూడండి, ఎదుట ఎవరున్నారో చూడండి. ఎందుకు తిరగబడ్డారని టిబేరియస్ అడిగితే, "మందలకు కాపలాగా కుక్కల్ని, కాపరుల్ని కాక తోడేళ్లను పంపింది మీరే" అన్న అర్థంలో బాటో జవాబిచ్చాడని రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. అది లొంగిపోయాక జరిగిన మాట, కాబట్టి డే. బాటోదే. డియో ఈ ప్రాంతంలో గవర్నరుగా పనిచేసినవాడే, కానీ రాసింది రెండు శతాబ్దాల తర్వాత. మరో రోమన్ చరిత్రకారుడు వెల్లేయస్ ఆ యుద్ధంలో టిబేరియస్ కింద పోరాడాడు, అతనంటే భక్తి. ఇద్దరూ రోమ్ పక్షమే. ఇల్లిరియన్లు రాసుకున్న చరిత్ర మనకు దక్కలేదు.

అభ్యాసం: క్రీ.శ. 8 నాటి సంఘటనలను బ్రెయుకీల వైపు నుంచి పది వాక్యాల్లో రాయండి. ప్రతి వాక్యం పక్కన అది డియోదా, వెల్లేయస్‌దా, మీ ఊహా అన్నది గుర్తు పెట్టండి. ఊహలు మూడుకు మించితే మొదటి నుంచి మళ్లీ రాయాలి.