పాత ఇంటికి జబ్బు చేస్తే: గోడ నిమ్ము నుంచి కూల్చివేత దాకా

వందేళ్ళు నిక్షేపంగా నిలబడ్డ ఇల్లు ఉన్నట్టుండి పాడవడం మొదలైందంటే, గత పది పదిహేనేళ్ళలో దానికి ఎవరు ఏం రిపేరు చేశారో ముందు కనుక్కోండి. చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది. పాత ఇళ్ళను వయసు కన్నా మంచి ఉద్దేశంతో చేసిన రిపేర్లే ఎక్కువ చెడగొడతాయి.

కింద రాసినవన్నీ అర్థం కావాలంటే ఒక్క విషయం తెలిస్తే చాలు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. అది మామూలు ఇళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. అంచేత పందొమ్మిదో శతాబ్దపు ఇటుక ఇల్లయితే అతుకుల్లో ఉన్నది చాలా వరకు సున్నమే. సున్నం తడిని పీల్చుకుంటుంది, ఎండ తగలగానే వదిలేస్తుంది. సిమెంటు ఆ దారికి అడ్డం పడుతుంది. అనుమానంగా ఉంటే అతుకును మేకుతో గీకి చూడండి: సున్నమైతే పొడిగా రాలుతుంది, సిమెంటైతే మేకే జారిపోతుంది.

గోడ అడుగున నిమ్ము, పెయింటు పొక్కులు

లక్షణం: నేల నుంచి మీటరు ఎత్తు దాకా గోడ రంగు మారింది. పెయింటు బుడగల్లా లేచింది, గోకితే తెల్లటి ఉప్పు రాలుతోంది.

ఎవరికి చూపించినా వెంటనే "వాటర్‌ప్రూఫింగ్ చేయించండి" అంటారు. తొందరపడకండి. తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పైన ఏం పూసినా లోపలి నీటికి మూత పెట్టినట్టే. ఆ నీరు ఇంకో రెండడుగులు పైకి పాకి అక్కడ తేలుతుంది.

వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. చూరు తూము ఆకులతో నిండి పొంగుతోందా? కిందికి దిగే గొట్టం అతుకు దగ్గర కారి గోడ మీద పడుతోందా? తర్వాత కూర్చుని మట్టి ఎత్తు చూడండి. పూలమొక్కల మడి, ఏటేటా వేసే ఎరువు, పాత బాట మీద వేసిన కొత్త బాట, వీటన్నిటితో నేల మట్టం కొద్దికొద్దిగా పెరిగి, కింద గాలి ఆడటానికి వదిలిన జాలీలు మట్టిలో కూరుకుపోతాయి. నేను చూసిన ఒక ఇంట్లో మూడేళ్ళు నిమ్ముతో కుస్తీ పట్టారు, ఇద్దరు మేస్త్రీలను మార్చారు. తీరా చూస్తే లాన్ తడిపే స్ప్రింక్లర్ ఒకటి రోజూ తెల్లవారుజామున పావుగంట సేపు ఆ గోడనే తడుపుతోంది. ఆ వేళకి ఇంట్లో ఎవరూ లేవరు కాబట్టి ఎవరి కంటా పడలేదు. దాన్ని పక్కకు తిప్పడానికి ఒక్క నిమిషం పట్టింది.

బయట ఏమీ దొరక్కపోతే, తడి మచ్చ మీద అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. రెండు రోజుల తర్వాత గది వైపు తడి ఉంటే అది వంట, స్నానాల ఆవిరి చల్లటి గోడకు పట్టింది, గాలి ఆడేలా చూస్తే చాలు. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది.

పరిష్కారం: నీటి దారి మళ్ళించండి. బయటి మట్టిని లోపలి నేల కన్నా కనీసం 15 సెంటీమీటర్లు కిందికి దించండి, కానీ పునాది పక్కనే లోతుగా తవ్వొద్దు. సిమెంటు గార, ప్లాస్టిక్ పెయింటు ఉంటే తీయించి గోడను ఆరనివ్వండి. మందపాటి గోడ నెలకో అంగుళం చొప్పున ఆరుతుందన్నది పాత లెక్క, అంటే కొన్ని నెలల ఓపిక కావాలి. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయండి. నీళ్ళతో కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గోడ ఆరాక సున్నపు గార చేయించి, పైన వెల్ల వేయించండి.

ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతోంది, అతుకు మాత్రం గట్టిగా ఉంది

ఇది చూడగానే ఎవరో సిమెంటుతో అతుకులు నింపారని చెప్పేయొచ్చు. మామూలుగా తడి మెత్తటి సున్నపు అతుకులోంచి బయటికి పోతుంది, అరిగితే అతుకే అరుగుతుంది. అతుకు ఇటుక కన్నా గట్టిదైతే తడికి ఇటుకే దిక్కు. లోపల ఉప్పు పేరుకుని, చలి దేశాల్లో నీరు గడ్డకట్టి, ఇటుక ముఖాన్ని బయటికి తోసేస్తాయి. ఇసుకను జోరుగా కొట్టి గోడ శుభ్రం చేయించినా ఇదే గతి, ఎందుకంటే బట్టీలో కాలి గట్టిపడ్డ పైపొర పోతుంది.

పరిష్కారం: సిమెంటు అతుకును ఉలి, సుత్తితో తీయించండి. గ్రైండర్ పెడితే పని జోరుగా సాగుతుంది కానీ ఇటుక అంచులూ పోతాయి. సిమెంటు మరీ గట్టిగా పట్టుకుని ఇటుకే విరుగుతుంటే, ఆ భాగాన్ని అలాగే వదిలేయడం మేలు. అతుకు వెడల్పుకు రెండింతల లోతు దాకా తీసి, దుమ్ము దులిపి, తడిపి, సున్నం ఒక పాలు ఇసుక మూడు పాళ్ళు కలిపి నొక్కి నింపాలి. తర్వాత తడి గోనెపట్టాలు కప్పి కొన్నాళ్ళు ఎండ తగలకుండా చూడాలి. సున్నం ఎండి గట్టిపడదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది, దానికి తడి కావాలి. 5 డిగ్రీల కన్నా తక్కువ చలిలో ఈ పని పెట్టుకోవద్దు.

గోడలో పగుళ్ళు

పగులు కనబడగానే టెన్షన్ పడొద్దు, అది ఇంకా కదులుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పగులుకు రెండు పక్కలా పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, మధ్య దూరం కొలిచి తేదీతో గోడ మీదే రాయండి. నెలకోసారి చొప్పున ఏడాది కొలవండి. ఎండాకాలం తెరుచుకుని వానల్లో మూసుకుంటుంటే కింద బంకమట్టి నేల ఎండి కుంచించుకుంటూ, తడిసి ఉబ్బుతూ ఉందన్నమాట. దగ్గర్లో పెద్ద చెట్టుందేమో, పగిలిన డ్రైనేజీ గొట్టం ఉందేమో చూడండి. ఏడాదంతా కదలకపోతే అది ఎప్పటి దెబ్బో, సున్నంతో నింపేస్తే సరి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటినా, నెలనెలా పెరుగుతున్నా, గోడ ఉబ్బినా, పాత ఇళ్ళు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

దూలం మెత్తబడింది, చెక్కలో చిల్లులు

స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, ముఖ్యంగా దూలం గోడలోకి దూరే చోట. వెన్నలో దిగినట్టు దిగితే కుళ్ళింది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం కుళ్ళు సాగదు, కాబట్టి ఇక్కడా మొదటి పని నీటి దారి వెతకడమే. మందు కొట్టించడం ఆ తర్వాత. మొత్తం దూలం మార్చాలనే వడ్రంగి మాట వెంటనే ఒప్పుకోవద్దు. కుళ్ళిన కొస వరకూ కోసి, అదే జాతి ఎండు చెక్కను దానికి కలిపి అతకొచ్చు.

చిన్న చిల్లులు కనిపిస్తే వాటి మీద పల్చటి కాగితం అతికించి తేదీ వేయండి. మళ్ళీ వేసవికి కాగితానికి చిల్లు పడితే పురుగు బతికే ఉంది. లేదంటే అది మీ తాతల నాడే పోయింది. మట్టి గొట్టాలు కనిపిస్తే మాత్రం చెదలు, కాగితం పరీక్ష కోసం ఆగొద్దు.

కిటికీలు బిగుసుకున్నాయి, గాలి దూరుతోంది

చాలాసార్లు కిటికీ పాడవదు. ఏళ్ళ తరబడి వేసిన పెయింటు పొరలే దాన్ని బిగించేస్తాయి. పొర తీసి, పుట్టీ మార్చి, అంచులకు గాలి ఆపే పట్టీ వేసి, లోపలి వైపు రెండో అద్దం బిగిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ కిటికీ చెడితే మొత్తం మార్చడమే, చెక్క కిటికీలో చెడ్డ ముక్క మారిస్తే చాలు. పొర తీసే ముందు ఒక హెచ్చరిక: పాత పెయింటులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళకు దాన్ని నిషేధించిందే 1978లో. పరీక్ష చేయించకుండా పొడిగా రుద్దొద్దు, మంట పెట్టొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.

వరండా కటకటాలు ఎప్పుడో పోయాయి, ఎలా ఉండేవో తెలియదు

కేటలాగులో "పాతకాలపు డిజైను" చూసి కొనేయడం మామూలు. ముందు స్తంభాన్ని ఏటవాలు వెలుగులో చూడండి. కటకటాలు ఆనిన చోట పెయింటు మందం తేడాగా ఉంటుంది, దాని ఆకారం నీడలా కనిపిస్తుంది. మేకుల చిల్లులు వాటి ఎత్తు చెబుతాయి. అదే వీధిలో అదే మేస్త్రీ కట్టిన జంట ఇల్లు ఇంకోటి ఉండొచ్చు. ఏ ఆధారం దొరక్కపోతే సాదా కడ్డీలతో సరిపెట్టండి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలన్నది పాత కట్టడాల పరిరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 నాటి వెనిస్ చార్టర్, పెట్టిన హద్దు.

వారసత్వ జాబితాలో ఉన్న ఇంటినే కూల్చేస్తున్నారు

చిన్న శివారు ఊళ్ళలో అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఇంటి కన్నా స్థలం ధర పెరిగిపోతుంది. కొన్నవాళ్ళు పాతది పడగొట్టి దానికి రెండింతలది కడతారు. "జాబితాలో ఉందిగా, ఎలా కూల్చారు?" అని ఊరంతా ఆశ్చర్యపోతుంది.

కారణం: అన్ని జాబితాలూ ఒకటి కావు. ఇంగ్లండులో లిస్టెడ్ ఇంటి లోపలి భాగానికీ రక్షణ ఉంటుంది, అనుమతి లేకుండా దాని స్వరూపం మారిస్తే నేరం. అమెరికాలో 1966 చట్టంతో వచ్చిన చారిత్రక స్థలాల జాబితా, నేషనల్ రిజిస్టర్, అలా కాదు. సొంత డబ్బుతో, ఫెడరల్ ప్రభుత్వ ప్రమేయం ఏదీ లేకుండా పని చేసే యజమానికి అది అడ్డు రాదు, ఇల్లు కూల్చినా సరే. అక్కడ ఆపగలిగేది ఊరు చేసుకున్న చట్టమే. చార్ల్‌స్టన్ నగరం అలాంటిది 1931లోనే చేసుకుంది.

పరిష్కారం: ముందు మీ ఇల్లు ఏ జాబితాలో ఉందో, అది ఏం ఆపుతుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఊరి చట్టం లేకపోతే, ఎప్పటికీ ముఖభాగం మార్చకూడదన్న షరతును యజమానే ఇష్టపూర్వకంగా ఆస్తి పత్రంలో రాయించే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఇల్లు చేతులు మారినా ఆ షరతు వెంటే వెళ్తుంది. ఊరి చట్టం కోసం అడిగేటప్పుడు కూల్చివేతను పూర్తిగా నిషేధించమంటే కౌన్సిల్లో గొడవ తప్పదు. కూల్చే ముందు కొన్ని నెలల గడువు తప్పనిసరి చేయమనండి, దానికి ఒప్పించడం తేలిక. ఆ గడువులో కొనేవాళ్ళు దొరకొచ్చు, ఇంటికి పక్కనే కొత్త గది కలుపుకునే నమూనా గీయించి యజమానికి చూపించొచ్చు. అదీ కుదరకపోతే కనీసం కొలతలు, ఫొటోలు తీసుకుని, తలుపులూ కిటికీలూ విప్పి ఇంకో పాత ఇంటి రిపేరుకు దాచండి.