అమ్మ మందుల డబ్బా, దుబాయ్ ప్రయాణం

అమ్మని దుబాయ్‌లో తమ్ముడి దగ్గరికి పంపేటప్పుడు వీసా, టికెట్ అన్నీ చూసుకున్నాం గానీ మందుల సంగతి వారం ముందు వరకూ ఎవరికీ తట్టలేదు. మా టెక్కలిలో మందుల షాపులో అట్ట కత్తిరించి నాలుగైదు మాత్రలు ఇస్తుంటారు, అందుకే డబ్బా నిండా పేరూ తేదీ లేని ముక్కలే. మోకాళ్ల నొప్పి మాత్ర ఒకటి తిప్పి చూస్తే వెండిరంగు రేకు మీద సగం చెరిగిన పేరు, ట్రమడాల్. అక్కడ అది నియంత్రిత మందు. ముందే అక్కడి ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోకుండా పట్టుకెళ్తే కేసయ్యే ప్రమాదం ఉందని తమ్ముడు చెప్పగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మర్నాడే శ్రీకాకుళం వెళ్లాం. డాక్టర్‌గారు ట్రమడాల్ తీసేసి పారాసెటమాల్ ఇచ్చారు. చీటీ కొత్తగా ఇంగ్లీషులో రాయించాను, పాస్‌పోర్టులో ఉన్నట్టే అమ్మ పేరు, ప్రతి మందుకీ జెనరిక్ పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు), మోతాదు, ఆయన సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. బీపీ, షుగర్ మాత్రలు పూర్తి అట్టలే కొని బిల్లు దాచాం. ఇన్సులిన్ మాత్రం చేతి సంచిలోనే పెట్టండి, కింద లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు.

అమ్మ దిగి ఫోన్ చేసేదాకా టెన్షన్ తగ్గలేదు.